రిజర్వు లైటు వెలిగిన లారీ మొగిలి ఘాటు ఎక్కగలదా?

ప్రశ్న: పాకాల లారీ యజమాని

అందరికీ నమస్కారం. నాకు పది చక్రాల బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీ ఒకటి ఉంది. మామిడి గుజ్జు సీజనులో చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి బెంగళూరు వైపు డ్రమ్ములు తోలుతాము, మిగిలిన నెలల్లో దొరికిన లోడు వేసుకుంటాము. ట్యాంకు 365 లీటర్లది. నిండు లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు అటూ ఇటూగా వస్తున్నది.

మన వైపు కంటే కర్ణాటకలో డీజిల్ చవక కాబట్టి, ఇక్కడ వీలైనంత తక్కువ పోయించుకుని సరిహద్దులోని నంగిలి దాటాక ట్యాంకు నింపుకోవడం ఈ దారిలో తిరిగేవారిలో చాలామందికి ఉన్న అలవాటే. ఇటీవల లోడుతో పోతున్నప్పుడు చిత్తూరు దాటీ దాటకముందే రిజర్వు లైటు వెలిగింది. అక్కడి నుంచి సరిహద్దు బంకుకు అరవై కిలోమీటర్ల పైమాటే, మధ్యలో పలమనేరుకు ముందు మొగిలి ఘాటు ఎక్కాలి. “లైటు పడినాక కూడా నూరు కిలోమీటర్లు పోతాది సార్, నేను తోలినా” అని నా డ్రైవరు ధైర్యం చెప్పాడు. అదే సమయంలో టీ కొట్టు దగ్గర కలిసిన మరో లారీ డ్రైవరు, “పోతే పోతాది గానీ ఘాటులో నిలబడితే ఎవురు తోస్తారు?” అన్నాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఇదే దారిలో స్టీరింగు పట్టినవారే కావడం వల్ల ఎవరి మాట నమ్మాలో తెలియక, చివరికి బంగారుపాళెంలో కొద్దిగా పోయించి పంపించాను.

నా సందేహం ఇది. లైటు వెలిగేటప్పటికి ట్యాంకులో నిజంగా ఎన్ని లీటర్లు ఉంటాయి? ఆ లీటర్లను నాలుగుతో హెచ్చవేస్తే వచ్చే దూరం నమ్మదగినదేనా? ఒకవేళ దారిలో డీజిల్ అయిపోయి ఆగినా, క్యాన్‌తో తెచ్చి పోసుకుంటే మళ్ళీ స్టార్టు అవుతుంది కదా, దానివల్ల బండికి వచ్చే నష్టం ఏమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.


జవాబు: బంగారుపాళెం డీజిల్ మెకానిక్

అన్నా, మీరు అడిగిన మూడింటిలో మొదటి రెండింటికి సమాధానం ట్యాంకు కొలతల్లోనే ఉంది కనుక ముందుగా అక్కడి నుంచి మొదలుపెడతాను.

ట్యాంకులో ఉన్న డీజిల్ అంతా ఇంజిన్‌కు అందదు. డీజిల్‌ను పీల్చే పైపు ట్యాంకు పైభాగం నుంచి లోపలికి దిగి, అడుగుకు కొంత ఎత్తులోనే ఆగిపోతుంది. అడుగున చేరే నీటిచుక్కలు, తుప్పు, మడ్డి పైకి రాకుండా ఉండడానికి కావాలనే అలా పెడతారు. ఆ పైపు మూతికి దిగువన ఉన్న డీజిల్ ఎప్పటికీ ట్యాంకులోనే ఉంటుంది, మీరు డబ్బు పెట్టి కొన్నదే అయినా అది మీ లెక్కలోకి రాదు. సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 65 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకు అనుకుంటే, ఒక్క సెంటీమీటరు ఎత్తుకు ఇంచుమించు ఎనిమిది లీటర్లు పడుతుంది. పైపు మూతి అడుగుకు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 23 లీటర్లు అందని డీజిలే. వేలెడు మందం కూడా లేని ఆ పొర అంత ఉంటుందని ట్యాంకు విప్పి చూపిస్తే తప్ప చాలామంది నమ్మరు.

రిజర్వు లైటు సాధారణంగా ట్యాంకులో పదో వంతు లేదా అంతకంటే కొంచెం ఎక్కువ మిగిలినప్పుడు వెలుగుతుంది. మీ 365 లీటర్ల ట్యాంకులో 40 లీటర్లు ఉండగా వెలిగిందనుకుందాం. అందులో 23 తీసివేస్తే మీకు మిగిలేది 17 లీటర్లు. చదును రోడ్డు మీద నాలుగు చొప్పున 68 కిలోమీటర్లు. మీ సరిహద్దు బంకు అరవై పైచిలుకు కిలోమీటర్లు కాబట్టి, కాగితం మీద చూస్తే సరిగ్గా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఈ లెక్క మనిషిని నడిదారిలో నిలబెట్టేది ఇక్కడే, ఎందుకంటే చిత్తూరు నుంచి నంగిలి దాకా ఉన్నది చదును రోడ్డు కాదు.

ఘాటులో రోడ్డు నూరు మీటర్లకు అయిదు మీటర్లు ఎక్కుతున్న చోట లారీతోపాటు ట్యాంకు కూడా అంతే వాలుతుంది. డీజిల్ మాత్రం నీటిమట్టంలాగే సమంగా నిలుస్తుంది కాబట్టి వెనుక వైపు ఎక్కువగా, ముందు వైపు తక్కువగా ఉంటుంది. 120 సెంటీమీటర్ల పొడవుకు అయిదు శాతం వాలు అంటే రెండు చివరలకూ మధ్య ఆరు సెంటీమీటర్ల తేడా. ట్యాంకు నడిమధ్యలో మట్టం మారదు, ముందు చివర మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది, వెనుక చివర మూడు పెరుగుతుంది. ఇప్పుడు మీ ట్యాంకులో పీల్చే పైపు ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. కొన్ని ట్యాంకుల్లో అది మధ్యలో ఉంటుంది, కొన్నింటిలో ఒక చివరకు జరిగి ఉంటుంది. ముందు చివరకు ఉన్నట్లయితే, మొగిలి చేరేటప్పటికి మీ దగ్గర ఉన్న 34 లేదా 35 లీటర్ల మట్టం నాలుగున్నర సెంటీమీటర్లకు కూడా రాదు. అందులో మూడు వాలుకు పోతే మిగిలేది ఒకటిన్నర. పైపు మూతి మూడు దగ్గర ఉంది. అంటే ట్యాంకులో ముప్పై నాలుగు లీటర్లు ఉండగానే పైపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది.

ఘాటులో నిలబడిన లారీల కోసం పిలిస్తే వెళ్ళినప్పుడు, ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల డీజిల్ తళతళలాడుతూ కనిపించడం, “డీజిల్ ఉండాది కదా, పంపు పోయింటాది” అని డ్రైవరు వాదించడం నాకు మామూలే. పైగా మలుపుల్లోనూ, బ్రేకు వేసినప్పుడూ లోపలి డీజిల్ ఒక వైపుకు కొట్టుకుపోతుంది. దాన్ని ఆపడానికి ట్యాంకు లోపల అడ్డుపలకలు ఉంటాయి గానీ మట్టం మరీ తగ్గినప్పుడు వాటివల్ల పూర్తి రక్షణ దొరకదు.

గేజి సంగతి కూడా ఇంతే. అది డీజిల్ మీద తేలే ఫ్లోటు ఎత్తును చూపిస్తుందే తప్ప లీటర్లను కొలవదు. ఎక్కుడులో ఒక మాట, దిగుడులో ఒక మాట చెబుతుంది. అందుకే వాలు మీద వెలిగిన లైటును బట్టి లెక్క వేయకూడదు, వాలు మీద ఆరిపోయిన లైటును బట్టి అసలే వేయకూడదు.


జవాబు: తిరుపతి భౌతికశాస్త్ర అధ్యాపకుడు

మెకానిక్ గారు ట్యాంకులో డీజిల్ ఎంత అందుతుందో చెప్పారు. దారి ఎంత అడుగుతుందో నేను చెబుతాను.

చిత్తూరు కంటే పలమనేరు రమారమి 350 మీటర్ల ఎత్తులో ఉంది. పది చక్రాల లారీ నిండు లోడుతో 28 టన్నుల దాకా ఉంటుంది. 28 టన్నులను 350 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి సుమారు 96 మెగాజౌళ్ళు. లీటరు డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌళ్ళ శక్తి ఉన్నా, ఇంజిన్ అందులో నలభై శాతానికి మించి చక్రాలకు అందించలేదు కాబట్టి లీటరుకు మనకు దక్కేది 14 మాత్రమే. 96ను 14తో భాగిస్తే ఏడు లీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. రోడ్డు చదునుగా ఉన్నా పట్టే డీజిల్‌కు ఇది అదనం. ఎత్తు కోసం మాత్రమే చెల్లించే పన్ను అనుకోండి. అరవై అయిదు కిలోమీటర్లకు నాలుగు చొప్పున పదహారు లీటర్లు, దానిపైన ఈ ఏడు, మొత్తం ఇరవై మూడు. మెకానిక్ గారి లెక్కలో మీకు అందేది పదిహేడే. ఆరు లీటర్లు కొరత పడుతుంది. ఆ కొరత బయటపడేది పలమనేరు దాటాక తీరికగా కాదు, పైపు ముందు చివర ఉంటే ఘాటు మధ్యలోనే.

మరొక విషయం గమనించండి. ఎక్కిన ఎత్తును దిగుడులో రాబట్టుకోవచ్చునని మామూలుగా అనుకుంటాము. ఈ దారిలో ఆ అవకాశం లేదు. పలమనేరు దగ్గర మొదలయ్యేది పీఠభూమి. నంగిలి, ముళబాగిలు, కోలారు అన్నీ ఆ ఎత్తులోనో అంతకంటే ఎత్తులోనో ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో మాత్రం ఇదే ఎత్తు మీకు ఉచితంగా తిరిగి వస్తుంది. ఘాటు దిగేటప్పుడు గేరులోనే ఉండి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే కామన్ రైల్ ఇంజిన్ (రైలు అనే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త రకం) ఇంజెక్టర్లకు డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది, బండి బరువే ఇంజిన్‌ను తిప్పుతుంది. కాబట్టి మీ డ్రైవరు చెప్పిన నూరు కిలోమీటర్లు అబద్ధం కాకపోవచ్చు. అవి ఏ దిక్కుగా పోయిన కిలోమీటర్లో, బండిలో అప్పుడు లోడు ఉన్నదో లేదో అడిగి చూడండి.

కొత్త బండ్ల డ్యాష్‌బోర్డు మీద “ఇంకా ఇన్ని కిలోమీటర్లు” అని చూపించే అంకెను కూడా ఇదే జాగ్రత్తతో చదవాలి. అప్పటివరకు వచ్చిన మైలేజీని బట్టి అది మిగిలిన దూరాన్ని అంచనా వేస్తుంది. పూతలపట్టు నుంచి చిత్తూరు దాకా పెద్దగా ఎక్కుడు లేని రోడ్డు మీద వచ్చిన లారీకి ముందున్న ఘాటు సంగతి తెలియదు.


జవాబు: రేణిగుంట రవాణా లెక్కల గుమాస్తా

మీరు అడగని లెక్క ఒకటి నేను వేస్తాను, ఎందుకంటే ఈ వ్యవహారమంతా మొదలయ్యేది అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు అభివృద్ధి సుంకం ఉన్నాయి. పొరుగు రాష్ట్రంతో తేడా కాలాన్ని బట్టి మారుతున్నా, మనం లీటరుకు ఆరు రూపాయలు అనుకుందాం. సరిహద్దు దాటాక 300 లీటర్లు పోయిస్తే 1,800 రూపాయలు మిగులుతాయి. ఇది చిన్న మొత్తం కాదు, నెలకు ఎన్ని ట్రిప్పులు పడితే అన్నిసార్లు మిగులుతుంది కాబట్టి ఈ అలవాటును తప్పు పట్టలేము.

అయితే చిత్తూరులో 40 లీటర్లు ముందుగా పోయించినందువల్ల మీరు వదులుకునేది ఎంత? 240 రూపాయలు. మిగిలిన 1,560 ఎక్కడికీ పోలేదు. 240 రూపాయల కోసం బండి ఘాటులో నిలబడితే మెకానిక్‌కు, వాహనానికి, డీజిల్ తెచ్చిన మనిషికి అయ్యే ఖర్చు పక్కన పెట్టినా, ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర మీ వరుస తప్పిపోతుంది, తిరుగు లోడు ఇంకొకరికి పోతుంది. మా ఆఫీసులో అందువల్ల ఒక నియమం పెట్టుకున్నాము. చవక డీజిల్ ట్యాంకు పైభాగానికే, ట్యాంకు అడుగుకు ఎప్పుడూ మన డీజిలే. నలభై లీటర్లు అంటే ముప్పై మూడు కిలోలు. 28 టన్నుల బండికి అదొక బరువు కాదు.

చెన్నై వైపు పోయేవారికి ఇంత ఇబ్బంది లేదు. పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణి దాకా రోడ్డులో ఇలాంటి ఘాటు లేదు కాబట్టి లైటు వెలిగిన తరువాత కూడా మామూలు మైలేజీ లెక్క దాదాపు నిలబడుతుంది. భాకరాపేట ఘాటు మీదుగా పీలేరు, మదనపల్లె వైపు పోయేవారికి మాత్రం మొగిలికి చెప్పిందంతా వర్తిస్తుంది. అక్కడ మలుపులు కూడా ఎక్కువ.


జవాబు: నగరి పాత డ్రైవరు

పెద్దలు చెప్పినవి చదివాను. మా కాలపు లారీలతో ఇంత భయం ఉండేది కాదు. డీజిల్ అయిపోతే అయిపోయింది. క్లీనరు క్యాన్ పట్టుకుని బంకుకు పోయేవాడు, తెచ్చి పోసేవాడు, పంపు పక్కనున్న చేతి పంపు నాలుగుసార్లు కొట్టి, ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి గట్టి డీజిల్ వచ్చేదాకా చూసి బిగిస్తే పావుగంటలో బండి కదిలేది. ట్యాంకు అడుగున ఎంత ఉందో తెలుసుకోవడానికి వేపపుల్ల ముంచి చూసేవాళ్ళం, పుల్ల దొరకకపోతే ట్యాంకు మీద వేళ్ళతో కొట్టి శబ్దాన్ని బట్టి చెప్పేవాళ్ళం. దిగుడు వస్తే న్యూట్రల్ చేసి డీజిల్ ఆదా చేసేవాళ్ళం. ఇప్పటి బండ్లు సున్నితం అంటున్నారు గానీ, డీజిల్ అయిపోతే ఇంజిన్ పాడైపోతుందన్న మాట నాకు మాత్రం కంపెనీ వాళ్ళ బెదిరింపులా కనబడుతుంది.


జవాబు: బంగారుపాళెం డీజిల్ మెకానిక్

పెద్దాయన గారూ, మీరు చెప్పిన పావుగంట పని నేనూ చాలా బండ్లకు చేశాను, ఆ బండ్ల విషయంలో మీ మాట అక్షరాలా నిజం. అయితే యజమాని అన్న అడుగుతున్నది బీఎస్-6 బండి గురించి. 2020 ఏప్రిల్ 1 తరువాత దేశమంతటా అమ్ముడైన లారీలు ఈ రకానివే, ఇందులో డీజిల్ పోయే దారి వేరు.

పాత పంపులో చాలా భాగాలకు ఇంజిన్ ఆయిలే కందెనగా ఉండేది. కామన్ రైల్‌లో డీజిల్‌ను 1,600 బార్‌కు పైగా నొక్కే పంపు ఉంటుంది. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్లకు అటూ ఇటూ అని గుర్తుపెట్టుకుంటే ఆ ఒత్తిడి ఏపాటిదో అర్థమవుతుంది. అంత ఒత్తిడిలో ఒకదానితో ఒకటి ఒరుసుకునే లోపలి భాగాలకు డీజిలే కందెన. పైపు గాలి పీల్చిన క్షణం నుంచి ఆ భాగాలు పొడిగా తిరుగుతాయి. ఒక్కసారి ఆగినందుకే పంపు పోతుందని నేను అనను, చాలా బండ్లు ఏమీ కానట్టే మళ్ళీ నడుస్తాయి. అయితే అరిగిన చోట రాలిన ఇనుప పొడి ముందుకు పోయి ఇంజెక్టర్లలో, అంటే మనం నాజిళ్ళు అంటున్న వాటిలో చేరితే, అప్పుడు పంపు ఒక్కటే కాదు, రైలు, నాజిళ్ళు, పైపులు అన్నీ చూసుకోవాలి. నెలల తరబడి లైటు వెలిగే స్థితిలోనే నడిచిన బండ్లలో ఈ జబ్బు ఎక్కువగా చూస్తున్నాను. అడుగున ఉన్న నీరు, మడ్డి రోజూ ఫిల్టరుకు చేరడం అందుకు ఒక కారణం.

వేడి ఇంకొక కారణం. ఇంజిన్ వాడుకోని డీజిల్ రిటర్న్ పైపు ద్వారా వేడెక్కి ట్యాంకుకు తిరిగి వస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ వేడి మూడు వందల లీటర్లలో కలిసిపోతుంది. ముప్పై లీటర్లే ఉంటే అదే డీజిల్ మాటిమాటికీ తిరుగుతూ పలచబడుతుంది, పలచబడిన డీజిల్‌కు కందెన గుణం తగ్గుతుంది. మన వైపు మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం లోడుతో ఘాటు ఎక్కే బండికి ఇది చిన్న విషయం కాదు, మామిడి సీజను వచ్చేది కూడా అప్పుడే.

ఇక ఆగిపోయిన బండిని మళ్ళీ లేపే పద్ధతి. కనీసం ఇరవై, ముప్పై లీటర్లు పోయాలి. అయిదు లీటర్ల క్యాన్ తెచ్చి పోస్తే పైన చెప్పిన లెక్క ప్రకారం మట్టం ఒక సెంటీమీటరు కూడా పెరగదు, వాలులో ఉన్న పైపు మూతికి అది అందదు. ఫిల్టరు మీద ఉన్న హ్యాండ్ ప్రైమరును, అంటే చిన్న చేతి పంపును, గట్టిపడేదాకా నొక్కి, తక్కువ ఒత్తిడి వైపు ఉన్న బ్లీడ్ స్క్రూ దగ్గర మాత్రమే గాలి తీయాలి. రైలుకూ నాజిళ్ళకూ పోయే ఇనుప పైపుల నట్లను పాత అలవాటుతో ఎవరూ వదులు చేయకూడదు. అక్కడి నుంచి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక విడతకు పది, పదిహేను సెకన్లకు మించకుండా, మధ్యలో విరామం ఇస్తూ కొట్టాలి. ఆగకుండా కొడితే బ్యాటరీ దిగిపోయి, డీజిల్ ఉన్నా లేవని బండి అవుతుంది.

న్యూట్రల్ సంగతి అధ్యాపకులు సగం చెప్పారు. గేరులో దిగితే డీజిల్ సున్నా, న్యూట్రల్‌లో దిగితే ఇంజిన్ ఐడిలింగులో ఉండడానికి గంటకు రెండు లీటర్ల దాకా తాగుతుంది. కాబట్టి అందులో ఆదా లేదు. ఉన్నదల్లా ఇంజిన్ పట్టు, ఎగ్జాస్టు బ్రేకు పట్టు రెండూ వదులుకుని బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద వేయడమే. పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే లోడు బండికి అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కర లేదు.

ఎక్కుతూ ఉండగా ఇంజిన్ ఆగితే ఏమవుతుందో కూడా డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి. స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఆగిపోతుంది కాబట్టి గాలి ట్యాంకులో మిగిలినంత మేరకే బ్రేకు పనిచేస్తుంది. పెడల్‌ను పంపు కొట్టినట్టు తొక్కకుండా ఒకే పట్టున తొక్కి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, హెచ్చరిక త్రికోణాన్ని మలుపుకు ఇవతల, వెనుక వచ్చేవారికి దూరం నుంచే కనబడేలా పెట్టాలి. 2024 సెప్టెంబరులో ఈ ఘాటులోనే బస్సు, లారీలు ఢీకొని పలువురు మరణించారు. అది డీజిల్ వల్ల జరిగింది కాదు, అయినా అలాంటి రోడ్డు మీద చీకట్లో కదలని లారీని నిలబెట్టడం అంటే ఏమిటో చెప్పడానికి ఆ మాట ఎత్తాను.


మళ్ళీ ప్రశ్న: పాకాల లారీ యజమాని

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాపకులు సూచించినట్టు డ్రైవరును అడిగాను. ఆ నూరు కిలోమీటర్లు కోలారు నుంచి ఖాళీ బండితో ఇటు వస్తున్నప్పటివేనట. తిరుపతి చేరే దాకా లైటు వెలుగుతూనే ఉందట గానీ బండి ఎక్కడా ఇబ్బంది పెట్టలేదట.

మరి రెండు సందేహాలు మిగిలాయి. నా ట్యాంకులో పైపు ఎక్కడ ఉందో, దాని కింద ఎన్ని లీటర్లు మిగిలిపోతాయో అంచనాతో కాకుండా కచ్చితంగా తెలుసుకునే మార్గం ఉందా? ట్యాంకు మూత దగ్గర దొంగతనం జరగకుండా జాలీ బిగించి ఉండడం వల్ల పెద్దాయన చెప్పిన పుల్ల లోపలికి పోదు. రెండవది, డీఈఎఫ్ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) కూడా తక్కువగా ఉంటే ఇలాంటి లెక్కే వేసుకోవాలా?


జవాబు: బంగారుపాళెం డీజిల్ మెకానిక్

రెండవదానికి ముందు చెబుతాను. డీఈఎఫ్ నూరు లీటర్ల డీజిల్‌కు నాలుగైదు లీటర్ల చొప్పున ఖర్చవుతుంది, కాబట్టి అది ఒక్కసారిగా అయిపోదు, ముందుగా చాలాసార్లు హెచ్చరిస్తుంది. అయితే ఆ హెచ్చరికలను పట్టించుకోకపోతే ఇంజిన్ తన శక్తిని తానే తగ్గించుకునేలా కంపెనీలు అమర్చాయి. లోడుతో ఘాటు ఎక్కాల్సిన బండికి శక్తి తగ్గితే, ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా ఫలితం ఒకటే. చిత్తూరు దాటేముందు దాన్నీ ఒకసారి చూడమని డ్రైవరుకు చెప్పండి.

మొదటిదానికి మార్గం ఉంది, అయితే అది రోడ్డు మీద చేసే పని కాదు. ట్యాంకు శుభ్రం చేయించే రోజు ఎలాగూ వస్తుంది, ఆ రోజే చేయించండి. డీజిల్ బాగా తగ్గిన బండిని చదునైన సిమెంటు నేల మీద నిలబెట్టాలి. పక్కన వెల్డింగు, బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు. పీల్చే పైపు నుంచి వచ్చే గొట్టాన్ని ఫిల్టరు వైపు విప్పి, ఒక చేతి పంపు తగిలించి, క్యాన్‌లోకి తోడాలి. గాలి బుడగలు మొదలై ఇక డీజిల్ రాని దగ్గర ఆపి, అప్పుడు ట్యాంకు కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి, వచ్చినదంతా వేరే పాత్రలో పట్టి లీటర్లతో కొలవాలి. అదే మీ ట్యాంకులో అందని డీజిల్. ఆ అడుగు డీజిల్‌ను వడకట్టినా సరే మళ్ళీ బండిలో పోయకండి, నీరు, మడ్డి అంతా అందులోనే ఉంటుంది. పైపు బిగించిన యూనిట్‌ను పైకి తీసినప్పుడు అది ట్యాంకు ముందు చివర నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. ఫ్లోటు కూడా అదే యూనిట్‌లో ఉందా, వేరుగా ఉందా అన్నది కూడా చూడండి. రెండూ వేర్వేరు చివరల్లో ఉంటే వాలులో గేజి పూర్తిగా తప్పు చెబుతుంది.

తిరిగి పోసేటప్పుడు ఖాళీ ట్యాంకులో బంకు మీటరు చూస్తూ అయిదేసి లీటర్లు పోయిస్తూ, ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, గేజి ముల్లు ఎప్పుడు కదిలింది, లైటు ఎన్ని లీటర్ల దగ్గర ఆరింది అన్నది చూడాలి. కొన్ని బండ్లలో ముల్లు ఆలస్యంగా కదులుతుంది కాబట్టి ప్రతి విడతకూ ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. రద్దీ లేని వేళ చూసుకుని బంకు మేనేజరుకు ముందే చెబితే ఎవరూ కాదనరు. లైటు ఆరిన లీటర్లలో నుంచి అందని లీటర్లను తీసివేస్తే, చదును రోడ్డు మీద లైటు వెలిగిన తరువాత మీ చేతిలో ఉండేది ఎంతో తేలుతుంది. ఆ అంకెను పెయింటుతో క్యాబిన్ లోపల, డ్రైవరుకు కనబడే చోట రాయించండి. దాని కిందనే, చిత్తూరు నుంచి సరిహద్దు దాకా లోడుతో 23 లీటర్లు అని కూడా రాయిస్తే, డ్రైవరు మారినా ఆ రెండు అంకెలు చూసి ఎక్కడ పోయించాలో తానే నిర్ణయించుకోగలడు.